రాత్రి రెండున్నర దాటాక వచ్చిన కడుపునొప్పి: సరిహద్దు సీహెచ్‌సీలో ఒక కట్లపాము కేసు

తిరుపతి జిల్లా తూర్పు కొసన, తమిళనాడు సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఒక 30 పడకల కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో (సీహెచ్‌సీ) జరిగిన కేసు ఇది. అక్కడ నేను జనరల్ మెడిసిన్ చూస్తాను. ఆసుపత్రి నడిపే బాధ్యత కూడా నాదే. పేషెంటును ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. చేసిన వైద్యం మాత్రం మార్చలేదు. చిన్న ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే డాక్టర్లకు, నర్సులకు పనికొస్తుందని రాస్తున్నాను. "మీ దగ్గర రిఫరల్స్ (పెద్దాసుపత్రికి పంపే కేసులు) ఎందుకు ఇన్ని?" అని రివ్యూ మీటింగుల్లో అడిగేవాళ్ళు చదివినా సంతోషమే.

ముందు మా ప్రాంతం సంగతి చెప్పాలి. 2008లో శ్రీసిటీ మొదలయ్యేదాకా సత్యవేడు, వరదయ్యపాళెం మండలాలంటే చెరువులు, వరి, వేరుశనగ, మామిడి తోటలు. ఇప్పుడు అక్కడ వాహనాలు, ఏసీలు, చాక్లెట్లు తయారవుతున్నాయి. పక్కనే తడ, చెన్నై–కోల్‌కతా హైవే. పని ఉన్నచోటికి మనుషులు వస్తారు. బిహార్, ఒడిశా, జార్ఖండ్ నుంచి కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళకు అద్దెకివ్వడానికి రైతులు పొలం గట్ల పక్కన రేకుల కప్పుతో లైన్ ఇళ్ళు కట్టారు. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి ఒక సీహెచ్‌సీ ఉండాలి. ఆ లెక్కకు మా చేతిలో ఉన్నది 2011 జనగణన. ఆ లైన్ ఇళ్ళలో రాత్రి నిద్రపోయే వాళ్ళు ఆ లెక్కలో లేరు. జబ్బు చేస్తే మాత్రం మా దగ్గరికే వస్తారు.

ఆ వచ్చినవాళ్ళలో ఈ కుర్రాడు ఒకడు. వయసు 24, సొంత రాష్ట్రం బిహార్. కాంట్రాక్టరు కింద సెంట్రింగ్ పని. ఒక గదిలో ఆరుగురు, నేల మీద చాపలు. నవంబరు నెల, రెండు రోజులుగా ముసురు.

క్యాజువాల్టీలో

అర్ధరాత్రి దాటాక కడుపునొప్పితో లేచాడట. వాంతి అయింది. గదిలో వాళ్ళు గ్యాస్ అనుకుని మాత్ర వేశారు. కాసేపటికి మాట ముద్దగా రావడం మొదలైంది. ఇద్దరు స్నేహితులు బైకు మీద తమ మధ్యన కూర్చోబెట్టుకుని 2:40కి తీసుకొచ్చారు. తల నిలవడం లేదు. గేటు దగ్గర చూసినవాళ్ళకు తాగి వచ్చినట్టే కనిపించాడు. మా ప్రాంతంలో ఆ వేళకు అలా వచ్చేవాళ్ళలో చాలామంది నిజంగా తాగినవాళ్ళే కాబట్టి వాళ్ళను తప్పు పట్టలేం.

అనుమానం మొదట వచ్చింది స్టాఫ్ నర్సుకు. మందు వాసన లేదు. కనురెప్పలు సగం వాలిపోయాయి, నుదురు ముడిచి బలవంతంగా చూస్తున్నాడు. ఆమె డ్యూటీ డాక్టరుని లేపింది. ఆ డాక్టరమ్మాయి చూసి నాకు ఫోన్ చేసింది. "సార్, ఇది మత్తు కాదు. రెప్పలు పడిపోతున్నాయి, మెడ నిలవట్లేదు, కడుపునొప్పంటున్నాడు. కట్లపామేమో సార్." నేను క్వార్టర్స్ నుంచి వెళ్ళేసరికి పరీక్షలు చాలావరకు అయిపోయాయి.

కాటు గుర్తు ఎక్కడా దొరకలేదు. టార్చి వేసి వేలి సందులు, చెవుల వెనుక, మోచేతులు అన్నీ చూశాం. వాపు లేదు, రక్తం లేదు. పామును చూశామన్నవాళ్ళు కూడా లేరు. ఇక్కడే చాలామంది డాక్టర్లు ఆగిపోతారు. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. ఎలుకల కోసం, కప్పల కోసం, వేరే పాముల కోసం ఇళ్ళలోకి వస్తుంది. నేల మీద పడుకున్న మనిషి ఒత్తిగిలితే కాటేస్తుంది. చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండకపోవచ్చు, నిద్రలోంచి మెలకువ రాకపోవచ్చు. కోరల గాట్లు కంటికి ఆననంత సన్నగా ఉంటాయి. వానాకాలం, నేల మీద నిద్ర, తెల్లవారుజామున కడుపునొప్పి, వాలిపోయే రెప్పలు: ఈ నాలుగూ కలిస్తే గాటు కోసం, పాము కోసం వెతుక్కుంటూ కూర్చోకూడదు.

కొత్త గాజు ట్యూబులో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి కదల్చకుండా 20 నిమిషాలు ఉంచాం. గడ్డకట్టింది. అంటే రక్తం గడ్డకట్టకుండా చేసే రక్తపింజర, చిన్న పింజర కాదు. నాగుపాము అయితే కాటు దగ్గర వాపు, నొప్పి ఉండాలి, అవి లేవు. ఇక మిగిలింది కట్లపామే.

ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనడం మాకు బాగా అలవాటైన పరీక్ష. మా స్టాఫ్ అందరికీ తెలుగు, తమిళం వచ్చు. హిందీయే కష్టం. డ్యూటీ డాక్టరు హాస్టల్లో నేర్చుకున్న హిందీతో అడిగింది. మొదటిసారి 13 దాకా చెప్పగలిగాడు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు 30 సులువుగా దాటాలి. ఆక్సిజన్ మీటరు అప్పటికి 97 చూపిస్తోంది. ఈ కేసుల్లో ఆ మీటరుని నమ్ముకోవద్దు. ఊపిరి కండరాలు దాదాపు చేతులెత్తేసేదాకా అది మంచి అంకెనే చూపిస్తుంది.

3:00కి 10 వయల్స్ (చిన్న సీసాలు) ఏఎస్‌వీ, అంటే పాము విషానికి విరుగుడు మందు, మొదలుపెట్టాం. రాయడానికి ఒక్క వాక్యమే. పొడి రూపంలో ఉన్న మందుని ఒక్కో వయల్‌లో నీళ్ళు పోసి, నురగ రాకుండా మెల్లగా తిప్పుతూ కరిగించాలి. ఊపితే నురగ కడుతుంది, మందు దెబ్బతింటుంది. రాత్రి మాకు ఉండేది ఇద్దరు నర్సులు. అందులో ఒకరు లేబర్ రూములో, తొలికాన్పు అమ్మాయి దగ్గర ఉన్నారు. కాబట్టి ఇక్కడున్న నర్సు, ఫార్మసిస్టు, నేను తలా కొన్ని తీసుకుని కరిగించాం. ఫార్మసిస్టు ఆ ఊళ్ళోనే ఉంటాడు కాబట్టి పిలవగానే వచ్చాడు. రాత్రి డ్యూటీ రాసిపెట్టి ఉండి కాదు.

పావుగంటలో ఒళ్ళంతా దద్దుర్లు, దురద, మళ్ళీ వాంతి. డ్రిప్ ఆపి, ముందే సిరంజిలో తీసి ఉంచుకున్న అడ్రినలిన్ అర మిల్లీగ్రాము తొడ కండకు ఇచ్చాం. తగ్గాక 3:30కి మళ్ళీ మొదలుపెట్టాం. రియాక్షన్ వచ్చిందని ఏఎస్‌వీని మొత్తానికే ఆపేసి పంపిన కేసులు నేను చూశాను. ఆపాల్సింది కాసేపే. కండరాలకు బలం వస్తుందేమోనని అట్రోపిన్, నియోస్టిగ్మిన్ కూడా ఒక మోతాదు ఇచ్చి చూశాం, మార్పు లేదు. కట్లపాముకు అది మామూలే.

దానికి కారణం తెలిస్తే తర్వాత చేసిన పని అర్థమవుతుంది. నాగుపాము విషం ఎక్కువగా కండరం వైపు పనిచేస్తుంది, నరం సందేశాన్ని అడ్డుకుంటుంది. అందుకే నియోస్టిగ్మిన్‌కు లొంగే అవకాశం ఉంది. కట్లపాము విషం నరం కొసనే పాడుచేస్తుంది. రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని ఏఎస్‌వీ పట్టుకోగలదు, పాడైపోయిన కొసల్ని బాగుచేయలేదు. అవి తిరిగి మొలవడానికి రోజులు పడుతుంది. అన్ని రోజులూ ఊపిరి ఎవరో ఒకరు అందిస్తే మనిషి పూర్తిగా కోలుకుంటాడు. అందించకపోతే ఎన్ని వయల్స్ ఎక్కించినా దక్కడు.

3:45కి గొంతులో లాలాజలం నిలబడిపోయింది, మింగలేకపోతున్నాడు. ఒక్క ఊపిరిలో అంకెలు 5కి పడిపోయాయి. ఇంకా ఆగితే దారిలో అంబులెన్సులో చీకట్లో గొంతులోకి ఊపిరి ట్యూబు వేయాల్సి వస్తుంది. కొంచెం మిడజోలామ్ (మత్తు మందు) ఇచ్చి డ్యూటీ డాక్టరే ట్యూబు వేసింది. హౌస్ సర్జన్సీలో క్యాజువాల్టీలో పనిచేసిన చేయి అది. మా దగ్గర ఎనస్థటిస్ట్ (మత్తు డాక్టరు) పోస్టు ఉంది, రాత్రి మనిషి లేడు. కోవిడ్ కాలంలో వచ్చిన వెంటిలేటరు ఉంది, దాన్ని రాత్రంతా చూసుకునే మనిషి లేడు. కాబట్టి చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగే దిక్కు. అయిదారు సెకన్లకు ఒకసారి నొక్కాలి. మేము ఇద్దరం వేరే పనుల్లో ఉన్నప్పుడు కాసేపు పేషెంటు స్నేహితుడితో నొక్కించాం. ఎలా నొక్కాలో ఒకసారి చూపిస్తే చాలు, పైకి హిందీలో లెక్కపెట్టుకుంటూ మాకంటే క్రమంగా నొక్కాడు.

ఎటు పంపాలి, ఎలా పంపాలి

రోడ్డు లెక్కలో చెన్నై దగ్గర. తిరుపతి గంటన్నరకు పైనే. చెన్నైకి ఎందుకు పంపలేదని తర్వాత చాలామంది అడిగారు. ఆ వేళ ఫోన్ చేసి "కట్లపాము కేసు వస్తోంది, వెంటిలేటరు ఖాళీగా ఉంచండి" అని చెప్పడానికి తెలిసిన నంబర్లు మాకు తిరుపతిలో ఉన్నాయి, చెన్నైలో లేవు. బెడ్ ఉందో లేదో తెలియని దగ్గరి ఆసుపత్రి కంటే బెడ్ ఖాయమైన దూరపు ఆసుపత్రి మేలు అనుకున్నాం. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. కానీ సరిహద్దులో ఉన్న ఆసుపత్రికి అవతలి వైపు నంబర్లు లేకపోవడం మాత్రం ఏ రకంగానూ సమర్థించుకోలేని విషయం.

108 బండి 4:05కి వచ్చింది. అది మామూలు బీఎల్ఎస్ బండి, వెంటిలేటరు ఉండదు. వెంటిలేటరున్న ఏఎల్ఎస్ బండి వేరే కేసు దించి రావాలి, గంట పడుతుందన్నారు. గంట కూర్చోవడమా, బీఎల్ఎస్‌లో బయల్దేరడమా? బయల్దేరి శ్రీకాళహస్తి దగ్గర ఏఎల్ఎస్‌ను కలుసుకునేలా 108 వాళ్ళతో మాట్లాడుకున్నాం. అక్కడ ఏరియా ఆసుపత్రి కూడా ఉంది, దారిలో ఏదైనా తేడా వస్తే ఆగవచ్చు. ఆక్సిజన్ లెక్క చూశాం. నిండు బి-టైప్ సిలిండరులో సుమారు 1,500 లీటర్లు ఉంటాయి, నిమిషానికి 10 వాడితే రెండున్నర గంటలు. నిండుగా ఉన్నదేనా అని గేజి చూసి ఎక్కించాం. ఈ చివరి మాట తేలిగ్గా తీసుకోవద్దు.

కష్టమైన నిర్ణయం ఇంకొకటి: వెంట ఎవరు వెళ్ళాలి? ట్యూబు ఉన్న పేషెంటుకి బ్యాగు నొక్కుతూ, ట్యూబు జారితే మళ్ళీ వేయగలిగిన మనిషి ఉండాలి. అంటే డ్యూటీ డాక్టరు వెళ్ళాలి. ఆమె వెళితే ఆసుపత్రిలో డాక్టరు ఉండరు. ఆ రాత్రి నేను క్వార్టర్స్‌లో ఉన్నాను కాబట్టి సరిపోయింది. మీటింగుకు అమరావతి వెళ్ళి ఉంటే? లేబర్ రూములో అమ్మాయిని వదిలేయాలా, ఈ కుర్రాణ్ణి ఒక్క ఈఎంటీ (108 బండిలో ఉండే సహాయకుడు) చేతిలో పెట్టి పంపాలా? ఇలాంటి రాత్రికి ప్రమాణాల్లో జవాబు లేదు, పోస్టుల పట్టికలో అంతకన్నా లేదు.

ఏఎస్‌వీ 4:20కి ముగిసింది. 4:30కి బయల్దేరారు. పేషెంటుతో పాటు ఒక కాగితం పంపాం. ఏఎస్‌వీ ఎన్ని వయల్స్, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు, రియాక్షన్, ఇచ్చిన మందులు, ట్యూబు సైజు, మొదటి ఊపిరి లెక్క అన్నీ రాశాం. కింద పెద్ద అక్షరాలతో మరో మాట: "కంటిపాపలు పెద్దవై వెలుతురుకి స్పందించకపోయినా బ్రెయిన్ డెత్ అనుకోవద్దు." కట్లపాము కేసుల్లో ఒళ్ళంతా చచ్చుబడి, రెప్ప కూడా ఆడక, చూసేవాళ్ళకి ప్రాణం పోయినట్టే ఉంటుంది. లోపల మనిషికి అంతా వినిపిస్తూనే ఉంటుంది.

శ్రీకాళహస్తిలో బండి మారారు. 6:10కి తిరుపతిలో ఐసీయూ వెంటిలేటరు మీద ఉన్నాడు. ఇంకో 10 వయల్స్ అక్కడ ఇచ్చారు. నాలుగో రోజు కాలి వేళ్ళు కదిపాడు. ఆరో రోజు ట్యూబు తీశారు. తొమ్మిదో రోజు డిశ్చార్జి. తర్వాత చెకప్‌కు మా దగ్గరికి వచ్చినప్పుడు దారిలో డాక్టరమ్మ డ్రైవరుతో ఏం మాట్లాడిందో చెప్పాడు. ఆమె సిగ్గుపడింది. స్పీడ్ బ్రేకర్ల మీద తిట్టిన తిట్లు లెండి.

మా లేబర్ రూములో అమ్మాయికి ఆ ఉదయం ఆరున్నరకి సుఖప్రసవం అయింది, ఆడపిల్ల.

ఏది పనిచేసింది

కొత్త బిల్డింగు కాదు. పనిచేసినవి చాలా చిన్నవి. ఏఎస్‌వీ ఇదివరకు ఫార్మసీ స్టోరులో ఉండేది, సాయంత్రం తాళం వేస్తే పొద్దున్నే తీయడం. ఇప్పుడు 20 వయల్స్ ఎప్పుడూ క్యాజువాల్టీ అల్మారాలోనే ఉంటాయి. వాడగానే రిజిస్టరులో రాసి మర్నాడు నింపుతారు. అడ్రినలిన్, గాజు ట్యూబులు, ట్యూబు వేసేటప్పుడు గొంతులో చూసే లారింగోస్కోపు, దాని బ్యాటరీలు అదే అల్మారాలో. బ్యాటరీలు ప్రతి సోమవారం వెలిగించి చూస్తారు. దీనికి ఏ శాంక్షనూ అక్కర్లేదు, ఒక తాళంచెవి చేతులు మారితే చాలు. స్టోరు ఆడిట్‌లో ఏం తేడా వస్తుందోనని కొన్నాళ్ళు టెన్షన్ పడ్డాం, ఏమీ రాలేదు.

రెండోది నర్సు కన్ను. ఆమె పాముకాటు శిక్షణకి వెళ్ళి వచ్చాక మిగతా నర్సులకు రెప్పలు ఎలా చూడాలో, ఊపిరి లెక్క ఎలా పెట్టించాలో డ్యూటీ మారే వేళ నేర్పింది. పవర్‌పాయింట్లు ఏమీ లేవు. మూడోది 108. 2005 ఆగస్టు 15న ఆ సర్వీసు మొదలవక ముందు ఇలాంటి కేసు మా ఊరి నుంచి జీపులోనో, ట్రాక్టరులోనో బయల్దేరాల్సి వచ్చేది.

దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారని, 2000 నుంచి 2019 వరకు లెక్కలు చూసిన అధ్యయనం చెప్పింది. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2030కల్లా ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక తెచ్చింది. అదే ఏడాది నవంబరులో పాముకాటును తప్పనిసరిగా రిపోర్టు చేయాల్సిన జబ్బుగా ప్రకటించమని రాష్ట్రాలకు రాసింది. మంచి పని. ఫారంలో అడ్రసు దగ్గర మాత్రం నాకో పేచీ ఉంది. ఈ కుర్రాడి ఆధార్‌లో ఊరు బిహార్‌లో ఉంది. అది రాస్తే కాటు అక్కడ పడినట్టు లెక్కలోకి వెళుతుంది. మేము ఇప్పుడు కాటు పడిన ఊరు పేరే రాస్తున్నాం, సొంతూరు రిమార్కుల్లో.

ఏది పనిచేయలేదు

డాక్టర్లు. గ్రామీణ ఆరోగ్య గణాంకాల 2021–22 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ సీహెచ్‌సీల్లో అవసరమైన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. మన రాష్ట్రంలో నోటిఫికేషన్లు, వాక్-ఇన్ ఇంటర్వ్యూలు వస్తూనే ఉంటాయి, కొందరు చేరతారు కూడా. చేరినవాళ్ళు పగలు ఓపీ చూస్తారు, ఆపరేషన్లు చేస్తారు. మా దగ్గర సిజేరియన్లు పగటిపూట బాగానే జరుగుతున్నాయి. అది నిజంగా సాధించిన విషయమే. కానీ ఒక్క ఎనస్థటిస్ట్ ఉంటే అతను 24 గంటలూ ఉండలేడు. పిల్లల చదువుకు తిరుపతిలోనో చెన్నైలోనో ఇల్లు పెట్టుకున్నవాణ్ణి తప్పు పట్టి ప్రయోజనం లేదు. ఒక పోస్టుతో రాత్రిని నింపలేం.

కాబట్టి నా వాదన ఒకటే. మా లాంటి ఆసుపత్రిని ఎన్ని కేసులు రిఫర్ చేశారని కొలవకండి. ఏ స్థితిలో రిఫర్ చేశారో చూడండి. ఏఎస్‌వీ పడిందా, ఊపిరికి దారి వేశారా, అవతల ఫోన్ చేశారా, వెంట మనిషి వెళ్ళాడా, కాగితం ఉందా. ఈ కుర్రాడు మా నెలవారీ లెక్కలో "రిఫరల్" కిందే పడ్డాడు. ఏ మందూ ఇవ్వకుండా "హయ్యర్ సెంటర్‌కి వెళ్ళండి" అని చీటీ రాసిచ్చినవాడు కూడా అదే గడిలో పడతాడు. రిఫరల్స్ తగ్గించమని ఒత్తిడి పెడితే జరిగేది ఒక్కటే: పంపాల్సినవాణ్ణి ఆలస్యంగా పంపడం.

ఆ తర్వాత

తిరుపతి ఐసీయూ, చెన్నైలో రెండు ప్రభుత్వ ఆసుపత్రుల క్యాజువాల్టీ నంబర్లు ఇప్పుడు గోడ మీద అంటించాం. చెన్నై నంబర్లు సంపాదించడానికి తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళ దాకా వెళ్ళాల్సి వచ్చింది. డ్యూటీ డాక్టరు పేషెంటుతో వెళ్ళినప్పుడు పక్క పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసరు వచ్చి కూర్చునేలా నోటిమాట ఒప్పందం చేసుకున్నాం. కాగితం మీద పెట్టడం కుదరలేదు. పీహెచ్‌సీలు ఒక శాఖాధికారి కింద, మేము ఇంకొకరి కింద. ఇప్పటిదాకా ఆ డాక్టరు పిలిచినప్పుడల్లా వచ్చాడు. రేపు బదిలీ అయితే మళ్ళీ మొదటికొస్తాం.

లైన్ ఇళ్ళ వైపు ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు హిందీ పాంప్లెట్లతో తిరిగారు. మంత్రాలకు, పసర్లకు వెళ్ళొద్దని చెప్పాల్సిన అవసరం పెద్దగా రాలేదు. కొత్త ఊళ్ళో మంత్రగాడు ఎవరో వాళ్ళకు తెలియదు. మంచాలు, దోమతెరలు వాడమని చెప్పాం. దోమతెర అంచులు పరుపు కిందికి గట్టిగా దోపుకుని పడుకుంటే పాముకాటు నుంచి కూడా కాపాడుతుంది, నేపాల్ తరాయి ప్రాంతంలో చేసిన అధ్యయనంలో అది కనిపించింది. ఆరుగురు పడుకునే గదిలో ఆరు మంచాలు పట్టవు. అంతస్తుల ఇనుప మంచాలు వేయమని కాంట్రాక్టర్లతో, ఇంటి ఓనర్లతో మండలాఫీసులో కూర్చుని మాట్లాడాం. ఇద్దరు వేశారు. మిగతావాళ్ళు అద్దె పెంచాల్సి వస్తుందన్నారు. దోమతెరలు మాత్రం మలేరియా విభాగం నుంచి కొన్ని తెప్పించి పంచాం, వచ్చే ఈశాన్య వానల ముందు ఇంకో విడత అడిగి ఉంచాం.

రాత్రికి మూడో నర్సు పోస్టు కోసం ప్రతిపాదన పంపాను. అందులో జనాభా గడి దగ్గర 2011 అంకె వేసి, పక్కన మా క్యాజువాల్టీ రిజిస్టరులో రాత్రి పది నుంచి పొద్దున ఆరు మధ్య వచ్చిన కేసుల జాబితా జతచేశాను. అది ఇంకా పరిశీలనలో ఉంది.